ఐదో చీర

ఆవపువ్వు రంగు చీర అంచు పొడవునా ఉన్న టిచ్‌బటన్లను గ్లోరి ఒక్కొక్కటే ఊడదీస్తోంది. నిన్న ఈ చీరకి ఎర్ర అంచు ఉంది. ఇవాళ ఉండకూడదు. టప్, టప్‌మంటూ అంచంతా ఊడి ఒళ్లో పడ్డాక దాన్ని రిబ్బన్‌లా చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. డబ్బాలో ఇంకో నీలం అంచు, అమ్మ పట్టుచీర చివికిపోయినప్పుడు కత్తిరించి దాచుకున్న జరీ అంచు కూడా ఉన్నాయి. ఇక ఆస్తి అంటారా, దండెం మీద మూడు చీరలు, చేతిలో ఒకటి. నేరేడు రంగుది, చిలకాకుపచ్చది, పాలనురుగులాంటి తెల్లది, ఈ ఆవపువ్వుది. వాటి పక్కన నాలుగైదు జాకెట్లు. బీరువా లేదు, దాని అవసరమూ రాలేదు.

తిరువూరు ఆడవాళ్లు మాత్రం గ్లోరి ఇంటినిండా బీరువాలే అనుకుంటారు. బస్టాండు ఎదురుగా చాంద్‌బాషా గారి మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్కలు, లైనింగులు చూపించే గ్లోరి ఒకసారి కట్టిన చీర మళ్లీ కట్టదని ఊరంతా తీర్మానించేసింది. వినడానికి నవ్వొస్తుంది కదూ! సరిగ్గా కడితే ఒక రంగు, తిరగేసి కడితే ఇంకో రంగు. కొంగు వదిలేస్తే ఒక మనిషి, మడతలు పెట్టి పిన్ను గుచ్చితే వేరే మనిషి, కుడిపైట వేస్తే ఏకంగా సేట్ల ఇంటి కోడలు. నేరేడు చీర మీదికి ఆకుపచ్చ జాకెట్టు, ఆకుపచ్చ చీర మీదికి నేరేడు జాకెట్టు, తెలుపు మీదికి ఏదైనా సరే. రోజంతా ఊళ్లోవాళ్ల చీరలకి రంగులు కలిపే మనిషికి తన నాలుగింటినీ కలుపుకోవడం ఒక లెక్కా!

అయితే ఈ విద్య మొదలైంది ఊరి కోసం కాదు, అమ్మ కోసం. నాన్న రాయప్ప చనిపోయిన ఏడాదే అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఏళ్లతరబడి గడప దాటలేదు. రోజూ అదే గోడ, అదే పైకప్పు, అదే కూతురు. ఒకనాడు గ్లోరి పొద్దున్నే తొందరలో చీర తిరగేసి కట్టేసుకుంది. అమ్మ కళ్లు చిట్లించి చూసి, "ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?" అంది. నిజంగానే పోల్చుకోలేదో, వేళాకోళమో గ్లోరికి తెలియలేదు. "గంపలగూడెం మునసబు గారి కోడల్నండి" అనేసింది. అమ్మ పడీపడీ నవ్వింది. అంతగా నవ్వగా గ్లోరి చూసి ఎన్నాళ్లయిందో!

అంతే, రోజూ అదే ఆట. ఒకనాడు విజయవాడ డాక్టరమ్మ, ఒకనాడు రెడ్డిగూడెం మామిడితోటల దొరసాని. ఆ రంగు ఏ చీర మీదికీ నప్పదని ఎవరూ కొనకుండా వదిలేసిన ఎర్రగుడ్డ ఒకటి షాపులో పడి ఉంటే, "తీసుకుపోమ్మా" అన్నారు బాషా గారు. దాన్ని చీల్చి, చేత్తో మడిచి కుట్టి, బటన్లు పెట్టింది. అదే మొదటి అంచు. అమ్మ పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ కుచ్చిళ్లు దోపుకుని మంచం వైపు తిరగడం గ్లోరి మానలేదు. ఏ ఊరమ్మా అని అక్కడ అడిగేవాళ్లు లేరు కాబట్టి ఆ ఆటేదో బజార్లోకి వెళ్లి ఆడుకుంటుంది.

ఫోను మోగింది. యేసుబాబు. ఉండేది గంపలగూడెం, అక్కణ్ణుంచి తిరువూరుకి షేర్ ఆటో నడుపుతాడు. భార్య పోయి చాలా కాలమైంది. నిరుడు సీటు చిరిగిందని షాపుకొచ్చి, "ఆటో రంగుకి నప్పే గుడ్డ చూపించండి" అన్నాడు. ఆటోకి మ్యాచింగ్ అడిగిన మనిషిని గ్లోరి అంతవరకు చూడలేదు. తలుచుకుని తలుచుకుని వారమంతా నవ్వుకుంది. నవ్వు ఆగాక మనిషి మిగిలిపోయాడు. నలభై దాటాక ఇలాంటివి ఇక జరగవనుకుంది, జరిగింది.

"గ్లోరి గారూ, మన పెళ్లికి మా అక్క ఒప్పుకోవట్లేదండి" అన్నాడు. వెనక ఆటో ఇంజను కొట్టుకుంటోంది.

"ఏమంటున్నారు?"

"మీకు చీరల పిచ్చంట. మీకు తెలీకుండా నాలుగుసార్లు షాపుకొచ్చి చూసి వెళ్లిందంట. నాలుగుసార్లూ నాలుగు కొత్త చీరలంట. 'ఈవిణ్ణి చేసుకుంటే చీరలు కొనలేక ఆటో అమ్ముకుంటావురా' అంటోంది. ఇవాళ తనే వచ్చి మీ మొహమ్మీదే చెప్పేస్తుందంట."

"మరి మీరేమన్నారు?"

"అమ్మాల్సొస్తే అమ్ముతానన్నాను. దాంతో ఇంకా మండిపోయింది."

గ్లోరికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తల్లి పోతే యేసుబాబుని చంకనేసుకుని పెంచిన అక్క చిట్టెమ్మ. ఆవిడ కాదంటే అతను గీత దాటడు. దాటమని గ్లోరీ అడగదు. చూడబోతే తన తెలివే తన పెళ్లికి అడ్డం పడింది. ఇవాళ ఎంత బీదగా కనిపిస్తే అంత మంచిది అనుకుని, ఆవపువ్వు చీరని అంచు లేకుండా, వెలిసినట్టుండే వెనకవైపు పైకి వచ్చేట్టు కట్టింది. దాని మీదికి చాకలిరేవు నుంచి పారిపోయి వచ్చినట్టుండే పాత జాకెట్టు వేసుకుంది. అలవాటు కొద్దీ బిస్కెట్ల డబ్బా సంచిలో పడేసుకుని బయల్దేరింది.

షాపు తెరిచి అగరొత్తులు వెలిగిస్తున్న చాంద్‌బాషా గారు తలెత్తి చూశారు.

"ఏంటమ్మా, దిగులుగా ఉన్నావ్? చీర మాత్రం బాగుంది. కొత్తదా?"

"చచ్చాను" అనుకుంది గ్లోరి.

ఎండ ముదిరేసరికి బేరాలు మొదలయ్యాయి. తాను మీద తాను దించుతూ, చీర కొంగుల్ని వెలుతురులోకి లాక్కెళ్లి రంగులు పోలుస్తూ, మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది. అంతలో శివపార్వతి టీచర్ వచ్చింది. పైన కళ్లజోడు, కింద రెండు కళ్లు, మొత్తం నాలుగూ గ్లోరి చీరమీదే. ఈవిడ ఆరేళ్లుగా గ్లోరి కట్టిన చీర మళ్లీ కట్టగా పట్టుకోవాలని చూస్తోంది. లైనింగు అవసరం లేకపోయినా అందుకోసమే వస్తుందని షాపులో అందరికీ తెలుసు.

"ఈ లేత రంగు విజయవాడలో కూడా చూళ్లేదు. ఎక్కడ తీశావే?"

వేరే రోజయితే గ్లోరి ఈ మాటని పతకంలా మెడలో వేసుకునేది. ఇవాళ రాయి తగిలినట్టయింది.

టీచర్ వెనకే చిట్టెమ్మ మెట్లెక్కింది. బక్కపలచని మనిషి. పత్తి తీసి తీసి గరుకెక్కిన వేళ్లు, ఉతుకుల్లో రంగంతా పోయిన నూలుచీర, చంకలో సంచి. గ్లోరిని కింది నుంచి పై దాకా, పై నుంచి కింది దాకా చూసింది.

"ఐదోది" అంది.

గ్లోరి స్టూలు ముందుకు జరిపింది. "రండి వదిన గారూ, కూర్చోండి."

"వదినా గిదినా అప్పుడే వద్దు. నేను కూర్చోడానికి రాలేదు. అమ్మాయ్, నువ్వు మంచిదానివేనంట, కాదనను. మాది రెక్కాడితేగాని డొక్కాడని కొంప. రోజుకో చీర మావల్ల కాదు. నీకు తగ్గ సంబంధం నువ్వు చూసుకో."

షాపులో కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"నాకున్నవి నాలుగే చీరలండి."

"నా చెవిలో పువ్వులు పెట్టకమ్మా! నేను చూసినవే ఐదు."

"లోపలికి రండి, చూపిస్తాను."

"లోపల నాకేం పని? చూపించేదేదో ఇక్కడే చూపించు."

గ్లోరి చుట్టూ చూసింది. కళ్లజోడు సర్దుకుంటున్న టీచరు, జాకెట్టు ముక్కలు చేత్తో పట్టుకుని నిలబడిపోయిన ఇద్దరు ఆడవాళ్లు, కత్తెర గాల్లో ఆపేసిన బాషా గారు. డబ్బా మూత తీస్తే ఇన్నేళ్ల ఆట ఇక్కడితో సరి. రేపట్నుంచి ఈ గుమ్మంలో "కొత్తదా?" అని అడిగే నాథుడుండడు. అమ్మ పోయాక పొద్దున్నే లేవడానికి మిగిలిన ఒకే ఒక్క సరదా అది. పోనీ ఊరుకుందామా అంటే, ఆటో సీటుకి రంగు కుదిరిందా లేదా అని తల వంచి చూసుకున్న మనిషి కళ్లముందు నిలబడ్డాడు. అతనికోసం ఇది ఇవ్వలేకపోతే ఇంకేమివ్వగలను అనుకుంది. సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి బల్లమీద పెట్టింది.

"మురుకుల డబ్బా ఎందుకమ్మా ఇప్పుడు?" అన్నారు బాషా గారు. ఇన్నేళ్లూ అందులో మురుకులే ఉన్నాయనుకున్నారాయన. గ్లోరి పిసినారిదని, ఒక్కటీ పెట్టదని ఇంట్లో చెప్పారు కూడా.

గ్లోరి పైట పిన్ను తీసి, కొంగు బల్లమీద పరిచి, ఎర్ర అంచు విప్పింది. టప్, టప్, టప్.

చిట్టెమ్మ ముందుకు వంగింది. "ఇది... ఇది నేను దసరాల్లో చూసింది!"

గ్లోరి కొంగు తిరగేసి, ఎర్రంచు ఊడదీసి నీలం అంచు పెట్టింది.

"ఇది వానాకాలం కట్టావు. నేను గొడుగులో నిలబడి చూశాను!"

నీలం తీసి జరీ పెట్టింది. చిట్టెమ్మ గరుకు వేళ్లతో గుడ్డని నలిపి చూసింది. ఒకటే గుడ్డ. ఒక బటన్ ఊడదీసింది, నొక్కింది. టప్. మళ్లీ ఊడదీసింది, మళ్లీ నొక్కింది. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అదీ సరిపోక, పెద్దగా నవ్వుతూ ఇందాక వద్దన్న స్టూలు మీదే కూలబడింది.

"ఓరి నాయనో! మంచినీళ్లియ్యమ్మా ముందు."

శివపార్వతి టీచర్ ఇంకా తేరుకోలేదు. "మరి పంద్రాగస్టుకి కట్టిన ఆకుపచ్చది?"

"మీరు అంతకుముందు ఆదివారం చూసిందేనండి. తిరగేశాను."

"ఆ నేరేడు పట్టుచీర?"

"పట్టు కాదండి. ఈ జరీ అంచే పెట్టాను."

"ఆరేళ్లు! ఆరేళ్లు నన్ను వెర్రిదాన్ని చేశావు కదే!" అంటూ టీచర్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. కోపమేమోనని గ్లోరి భయపడింది. చూస్తే ఆవిడ భుజాలు నవ్వుతో కదిలిపోతున్నాయి.

"ఈ సంగతి బయటికి పొక్కిందో, చీరల షాపులవాళ్లంతా వచ్చి నా మీద పడతారు" అన్నారు బాషా గారు. ఆ మాటకి జాకెట్టు ముక్కల ఆడవాళ్లు కూడా పగలబడి నవ్వారు. ఇద్దరిలో ఒకావిడ అప్పటికే టిచ్‌బటన్లు ఎంతకిస్తారని అడుగుతోంది.

చిట్టెమ్మ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "ఇంట్లో కందిపప్పు ఒకటే ఉంటుంది. దాన్ని కూడా ఇట్టాగే రోజుకో రకంగా చేస్తావా?"

"చేస్తానండి."

"అండీ గిండీ ఏంటి? వదినా అను."

చిట్టెమ్మ లేచి, బల్లమీది కొంగు తీసి, తనే గ్లోరి భుజం మీద వేసి, పిన్ను గుచ్చి సరిచేసింది.

నెల తిరక్కుండా పెళ్లి అయిపోయింది. కొత్త తెల్లచీర కొంటామని చిట్టెమ్మ పట్టుబట్టింది, గ్లోరి ససేమిరా అంది. దండెం మీది పాలనురుగు చీరకి అమ్మ జరీ అంచు పెట్టి, తలమీద ముసుగు వేసుకుని చర్చిలో నిలబడితే, కొత్తచీర కాదని పోల్చినవాళ్లు ఒక్కరూ లేరు. శివపార్వతి టీచర్ తప్ప. అయ్యగారి ప్రార్థన ముగిశాక ఆవిడ కానుక చేతిలో పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

"ఇదివరకు నీలం అంచు పెట్టి కట్టిన తెల్లదే కదూ?"

"అవునండి."

"పట్టుకున్నానే! ఎవరికీ చెప్పన్లే" అంది టీచర్. ఆవిడ ఆనందం చూస్తే పెళ్లి ఆవిడకే అయినట్టుంది.

సాయంత్రం యేసుబాబు ఆటోకి బంతిపూల దండ కట్టారు. ఊరు దాటుతుంటే రోడ్డు పక్కన ఒక ముసలావిడ చెయ్యెత్తింది. పెళ్లిబండి అని ఆవిడకేం తెలుసు? ఆపకుండా పోవడం యేసుబాబుకి చేతకాదు. ముసలావిడ మూట పైకి విసిరి, ఎక్కి గ్లోరి పక్కన సర్దుకుని కూర్చుంది. ముసుగు, పూలు, జరీ అన్నీ కళ్లు చిట్లించి చూసింది.

"ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు?"

గ్లోరికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నవ్వు కూడా ఆగలేదు.

"గంపలగూడెం అండి. యేసుబాబు గారి భార్యని" అంది. ఇన్నాళ్లకి అబద్ధం ఆడక్కర్లేకపోయింది. ముందు సీట్లో యేసుబాబు చెవులు ఎర్రబడ్డాయి.

చాంద్‌బాషా గారి షాపులో లైనింగు తానుల పక్కన ఒక మేకుంది. "ఇది మీ గుడ్డే కదండీ" అని గ్లోరి పెళ్లికి ముందురోజు ఎర్ర అంచుని దానికి తగిలించి వెళ్లింది. ఎవరైనా ధర అడిగితే అమ్మేది కాదంటారాయన. శివపార్వతి టీచర్ మాత్రం అప్పుడప్పుడు సంచిలో వేసుకుపోయి, మర్నాడు బటన్లు కుట్టుకున్న తన పాతచీరకి పెట్టి, బళ్లో అందరిచేతా కొత్తచీర అనిపించుకుని, సాయంత్రానికి తెచ్చి తగిలించేస్తుంది. ఇవాళ మేకుమీదే ఉంది, కొసన ఒక బటన్ విడిపోయి ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతూ.