అరగంట విమానం మింగేసిన రోజు

నేను ఒక స్ప్రింగు కాటాను. గుండ్రటి ముఖం, మధ్యలో ఎర్ర ముల్లు, కింద కొక్కెం. ఏది తగిలించినా ఎంతుందో అంతే చెప్తాను. నచ్చకపోతే ఏడవండి, నాకేం పోయింది? ఇప్పుడు కాకినాడలో పాత ఇనపసామాన్ల కొట్టులో విరిగిన ఫ్యాను రెక్కల కింద పడున్నాను. నా స్ప్రింగు సాగిపోయిందని ఈ కొట్టువాడు చెప్పుకుంటున్నాడు. పచ్చి అబద్ధం. నా స్ప్రింగు బాగానే ఉంది. మనుషుల్ని తూచీ తూచీ నాకే విసుగొచ్చింది.

నన్ను ఒక రేకుల షెడ్డులో చేశారు. ముల్లుని సున్నా మీద నిలబెట్టి, అట్టపెట్టెలో పెట్టి లోకం మీదికి తోలేశారు. తీరా నేను పడ్డది చేపల మార్కెట్లో నూకరత్నం చేతిలో. ఆవిడ వంజరం ముక్కలు తూచేటప్పుడు చిటికెన వేలితో నా కొక్కేన్ని కిందికి లాగేది. ఎవరైనా అనుమానంగా చూస్తే, "కాటా అబద్ధమాడుద్దా అమ్మా?" అని నన్నే సాక్ష్యం పెట్టేది. ఒళ్ళు మండిపోయేది నాకు. కొన్నాళ్ళకి ఆవిడ కరెంటు కాటా కొనుక్కుని నన్ను గోడకి తగిలించేసింది. అక్కడ తుప్పు పడుతుండగా అమ్మిరాజుగారు దిగబడ్డారు.

అమ్మిరాజుగారు పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన తోటి గుమాస్తా ఒకాయన సింగపూరు వెళ్ళొచ్చి కాలనీలో ఇంటింటికీ చాక్లెట్లు పంచాడు. ఆ చాక్లెట్టు ఈయనకి గొంతు దిగలేదు. దాంతో తను పాలినీషియా వెళ్తానని ప్రకటించారు. పాలినీషియా అంటే పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడెక్కడో విసిరేసినట్టుండే దీవులు. ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న సముద్రం మొహం సరదాకైనా ఏనాడూ చూడని మనిషి, సముద్రం చూడ్డానికి భూగోళం అవతలి వైపుకి బయల్దేరాడన్నమాట! ఆ దీవుల మధ్య చవక విమానాల్లో సామాను బరువు పిసరంత ఎక్కువైనా ఊరుకోరట. అందుకు కాటా కావాలి. కొత్తది కొనడానికి చెయ్యి రాలేదు. "చేపల కంపు కొడతంది, ఇంకాస్త తగ్గించు" అని నూకరత్నాన్ని విసిగించి నన్ను ఇంటికి తెచ్చి నిమ్మచెక్కతో తోమించారు. కంపు పోలేదు, ఎక్కడికి పోతుంది?

ఆయన భార్య సుభద్రాయమ్మగారు. ఆవిడకి దీవులూ అక్కర్లేదు, దిబ్బలూ అక్కర్లేదు. ఆవిడ తమ్ముడు సూరపరాజు సరుకుల ఓడలో వంటవాడు. చాలా ఏళ్ళ కిందట అమ్మిరాజుగారు నలుగురిలో, "గరిటె పట్టుకునేవాడు నా గుమ్మం ఎక్కడానికి వీల్లేదు" అన్నారు. అతను మళ్ళీ ఎక్కలేదు. తల్లి పోయినప్పుడు కూడా నడిసముద్రంలో ఉన్నాడు. ఆ తల్లి పోతూ పోతూ, తను అల్లం మిరియాలు నూరుకునే నల్లరాతి కల్వాన్ని చూపించి, "ఇది సూరపడి చేతిలోనే పెట్టాలే" అని కూతురితో అంది. ఆ ఓడ బుధవారం ఒక్కరోజు సమోవా దేశంలో ఆపియా రేవులో ఆగుతుందని, సాయంత్రానికి కదిలిపోతుందని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. ఆవిడ ఈ ప్రయాణానికి తలూపింది అందుకే. కల్వం వాడి చేతిలో పెట్టాలి, వాణ్ణి కళ్ళారా చూడాలి. అంతకు మించి ఆవిడకి మరో కోరిక లేదు.

టిక్కెట్లు తీసిన వైభోగం చెప్తాను, నవ్వుకోండి. హాల్లో బల్ల మీద ఒక పక్క కంప్యూటరు, మరో పక్క పంచాంగం. కాకినాడలో పొద్దు పొడుపుకి చూసుకోవాల్సిన పంచాంగాన్ని పసిఫిక్ మధ్యలో ఎగిరే విమానానికి ముడిపెట్టడం ఈయనకే చెల్లింది. ఒక దీవికి ధర చూస్తారు, "రేపు తగ్గుద్ది" అని మూసేస్తారు. మర్నాడు పెరుగుతుంది. "నేను చూస్తన్నానని వాళ్ళకి తెలిసిపోయిందే!" అని పక్కింటివాళ్ళ ఫోనులో చూస్తారు. అక్కడా అంతే ఉంటుంది. తిన్నగా వెళ్ళే విమానం మానేసి, చవగ్గా వస్తుందని హవాయి చుట్టూ తిప్పి అమెరికన్ సమోవాలో పాగోపాగో అనే ఊళ్ళో పడేసేదాన్ని ఎంచారు. అక్కణ్ణించి ఆపియాకి చిన్న విమానం, అరగంట ప్రయాణం. అన్నిటికన్నా చవగ్గా ఉన్నది మంగళవారం. బుధవారం కాస్త ఎక్కువ.

"మంగళవారం ప్రయాణమా? ఛీ ఛీ! బుధవారం దివ్యంగా ఉంది" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చవకని కాదన్నది ఆ ఒక్కసారే.

"బుధవారం ఒక్కరోజేనండీ వాడు ఉండేది" అంది సుభద్రాయమ్మగారు.

"పొద్దున్నే ఎక్కుతాం కదా. అరగంట! మీ తమ్ముడికి అప్పటికింకా ఎసరు కూడా మరగదు."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగింది. "మరి దిగేది గురువారం అని ఉందేంటండీ?"

"అచ్చుతప్పు! అరగంట విమానం రాత్రంతా గాల్లో వేలాడుద్దా? ఉద్యోగమంతా ఓడల తేదీలు రాసినోణ్ణి, నాకు చెప్తావేంటి నువ్వు?"

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఇక సామాను తూచే రోజు నుంచీ నా తల ప్రాణం తోకకొచ్చింది. సంచి తగిలించడం, ముల్లు గీత దాటడం, ఆయన కల్వం తీసి బయట పెట్టడం. ఆయన అటు తిరగ్గానే ఆవిడ మళ్ళీ లోపల పెట్టడం. చివరికి ఆవిడ తన చీరలు తీసేసి కల్వాన్ని ఉంచుకుంది. ఆయన మాత్రం తన చొక్కాల్లో ఒక్కటీ వదల్లేదు. విమానం ఎక్కే ముందు వాటిని ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటే సంచి తేలికవుతుందని కనిపెట్టి చంకలు గుద్దుకున్నారు.

పాగోపాగోలో ఆ తెలివికి తగిన శాస్తి జరిగింది. అక్కడి బుల్లి విమానాల్లో సంచినే కాదు, మనిషినీ తూస్తారు. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, జేబుల నిండా మందుసీసాలతో అమ్మిరాజుగారు చెమటలు కక్కుతూ పెద్ద కాటా ఎక్కారు. కౌంటరులో అమ్మాయి అంకె చూసి, ఆయన్ని చూసి, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. సుభద్రాయమ్మగారి చేతిసంచిలోంచి నేనంతా చూశాను. నాకు కడుపు నిండిపోయింది.

విమానం నిజంగానే అరగంటలో దిగింది. ఆపియాలో ఎండ ఫెళ్ళున కాస్తోంది. అమ్మిరాజుగారు గడియారం చూసుకుని, "చూశావా? పొద్దున్నే ఉన్నాం" అని మీసం దువ్వారు. గోడ మీది కేలండరులో మాత్రం గురువారం. పాస్‌పోర్టు మీద వేసిన ముద్రలోనూ గురువారమే. సముద్రం మధ్యలో మనుషులే ఒక గీత గీసుకుని, దానికి తూర్పున మంగళవారమైతే పడమటన బుధవారం అనుకున్నారు. వీళ్ళు ఆ గీతని దాటొచ్చారు. మంగళవారం ఎక్కుంటే బుధవారం దిగేవారు. బుధవారం ఎక్కారు గనక గురువారం దిగారు. ఈ సంగతి ఆయన అచ్చుతప్పన్నదే ఎప్పుడో చెప్పింది.

రేవు గేటు దగ్గర పువ్వుల గౌనులో లావుపాటి సమోవా ఆవిడ కూర్చునుంది. సుభద్రాయమ్మగారు వచ్చీరాని ఇంగ్లీషులో ఓడ పేరు చెప్పింది. "నిన్న సాయంత్రం వెళ్ళిపోయింది" అందావిడ. తర్వాత ఈవిడ మొహంలోకి చూసి, "నువ్వు వంటాయన అక్కవా? పొద్దున్నుంచీ ఇక్కడే నిలబడ్డాడు, ఓడ కూత వేస్తే పరిగెత్తాడు" అని, ఐసుపెట్టె తెరిచి స్టీలు క్యారేజీ తీసిచ్చింది. "ఒకవేళ రేపొస్తే ఇంకా రుచిగా ఉంటుందని చెప్పమన్నాడు."

చేపల పులుసు. మర్నాటికి ఊరితేనే దానికి రుచని గోదావరి మనుషులకి ఎవరూ చెప్పక్కర్లేదు. పై గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో అక్కకి ముక్కలు, అడుగు గిన్నెలో విడిగా పెద్ద తలకాయ. ఆ తలకాయ ఎవరికో చెప్పాలా? బావగారికి.

సుభద్రాయమ్మగారు గట్టు మీద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మిరాజుగారు తలకాయ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. వంటవాడు గుమ్మం ఎక్కకూడదు గానీ, వాడి వంట గొంతు దిగొచ్చు. ఎంత చక్కని పరువండీ మనుషులది! ముళ్ళు కూడా వదలకుండా చప్పరించారు.

ఓడ తర్వాత టోంగాలో ఆగుతుందని, సరుకు దించేదాకా అక్కడే ఉంటుందని గేటావిడ చెప్పింది. సుభద్రాయమ్మగారు చేయి కడుక్కుని కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ఫోనిలా ఇవ్వండి" అంది.

"నేను చూస్తానులే. ఆ తర్వాతి గురువారం చవగ్గా..."

"ఓడ ఉండగా అక్కడ దిగేది ఏదో నేను చూసుకుంటాను. దిగే రోజు కూడా చదువుకుంటాను." చదివింది. నొక్కింది. ఒకటే టిక్కెట్టు.

"మరి నేనో?" అన్నారు అమ్మిరాజుగారు.

"ఇది మంగళవారందండీ. మీకు పడదు కదా."

ఆయన నన్ను తన సంచిలో వేసుకుని ఒంటరిగా కాకినాడ వచ్చి, హాల్లో మేకుకి తగిలించి, వాతావరణం బాగోలేక ఒక రోజు ఆలస్యమైందని కాలనీలో చెప్పుకున్నారు. చాక్లెట్లు మాత్రం పంచారు. కొన్నాళ్ళకి సుభద్రాయమ్మగారు తిరిగొచ్చింది. గుమ్మంలో సంచి దించి, చెప్పులు విడిచి, పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కలిశావా అని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. చుట్టూ చూసి, నన్ను మేకు మీంచి తీసి, ఆ సంచిని నా కొక్కేనికి తగిలించారు. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. కల్వం బరువు అందులో లేదు. ఆయన అలా నన్ను పట్టుకునే నిలబడ్డారు.

"చూసుకున్నారు కదా" అని వంటింట్లోంచి వినపడింది. "ఇంక ఆ కాటా అమ్మేయండి."