బాపుకు నేర్పిన బీడీ

మా బాపుకు బీడీ తాగడం నేర్పింది నేనే. మా బొగ్గుగని కాలరీ క్వార్టర్లలో మగపిల్లలందరూ తండ్రి జేబులోంచి దొంగిలించి నేర్చుకున్నవాళ్ళే. మా ఇంట్లో మాత్రం వ్యవహారం తలకిందులుగా జరిగింది.

బాపు పేరు ఎల్లన్న. ఆసిఫాబాద్ అవతల పల్లె నుంచి ఇరవై ఏళ్ళప్పుడు సరిహద్దు దాటి చంద్రపూర్ వచ్చి బొగ్గు గనిలో చేరాడు. ముప్పై ఆరేళ్ళు భూమి కిందే పనిచేశాడు. గనిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు. లోపల గ్యాస్ ఉంటుంది, నిప్పురవ్వ చాలు. అందుకని దిగే ముందు ప్రతి మనిషినీ తడిమి చూస్తారు. బాపు వంతు వస్తే మాత్రం, "నీ జేబుల ఏముంటది ఎల్లన్నా, నడువ్" అని వదిలేసేవాళ్ళు. చంద్రపూర్‌లో ఉండే మగవాడు ఖర్రా, అంటే పొగాకు కలిపిన వక్కపొడి, నమలకుండా ఉండడమే వింత. బాపు ఖర్రా కూడా ముట్టలేదు. షిఫ్టు దిగి గేటు బయట ఆబగా బీడీలు ముట్టించుకునేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "లోపట మింగిన బొగ్గు సాలలేదారా" అని తిట్టేవాడు.

నా సంగతి చెప్పాలి. నేను నాగేష్‌ని. ఐటీఐ చదివాను. ఆవర్‌పూర్‌లో సిమెంటు ప్లాంటులో కాంట్రాక్టు ఠేకేదారు కింద పన్నెండేళ్ళు పనిచేశాను. పొద్దున గేటు దగ్గర పేరు పిలిస్తే పని ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు. అలాంటి బతుకు బతికేవాడికి కాలరీ ఉద్యోగం మీద కన్ను పడకుండా ఉండదు. మా దగ్గర దానికి ఒకటే దారి. గనిలో పనిచేసే మనిషిని డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే, ఆయన ఉద్యోగం కొడుక్కి ఇస్తారు. అప్పటికి కొడుక్కి ముప్పై అయిదేళ్ళు నిండకూడదు. నాకు నిండడానికి ఇంకా ఏడు నెలలే ఉన్నాయి.

ఒకరోజు ప్లాంటులో నా పేరు పిలవలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. కడుపులో మంట ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక బాపు మీద తీర్చుకున్నాను.

"విఠల్ వాళ్ళ నాయిన అన్‌ఫిట్ అయిండు. ప్రహ్లాద్ వాళ్ళ నాయిన అయిండు. నువ్వేమో గుండు లెక్క ఉన్నవ్" అన్నాను.

తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడని తండ్రినే ఎత్తిపొడిచిన కొడుకును నేను. బాపు పళ్ళెంలో అన్నం కలుపుతూనే ఉండిపోయాడు. ఆయనకు మెట్లెక్కితే కొంచెం ఆయాసం వచ్చేది, పొద్దున లేస్తే నల్లటి కఫం పడేది. గనిలో దిగేవాడికి అది లేకపోవడం ఎక్కడుంది? దాన్ని రోగమని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

మర్నాడు పక్క క్వార్టరు సంజీవ్ కాకను ఇంటికి పిలిచాడు బాపు. సంజీవ్ కాక తానే అన్‌ఫిట్ అయ్యి కొడుకును గనిలో ఎక్కించినవాడు. బోర్డు గురించి ఆయనకు తెలియంది లేదని కాలనీలో పేరు.

"మూడు నెలలు బీడీ కొట్టు అన్నా. దినానికి రెండు కట్టలు. ఊదే మిషిన్ల నీ దమ్ము పడిపోతది, ఛాతి ఫోటోల మసక వస్తది. బోర్డుల అడిగితే మాత్రం తాగనని చెప్పు. పని అయినంక ఇడిసిపెట్టు. మూన్నెల్లకు ఏమైతది?" అన్నాడు కాక. ఆయన చెడు కోరి చెప్పలేదు. తనకు ఫలించిన మందు ఇంకొకరికి చెప్పాడంతే.

అవ్వకు, అంటే మా అమ్మకు, తెలిసి పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. మా అవ్వ ఈరమ్మ నోరు కాలనీలో అందరికీ ఎరుకే. "కొరివితోటి తల గోక్కుంటరా ఎవలన్న? ఇంత వయసొచ్చినంక గిదేం బుద్ధయ్యా?" అని బాపును కడిగేసింది. నా వైపు చూసి, "నీకు నౌకరి గావాల్నని నాయిన ఊపిరి అడుగుతున్నవారా?" అంది.

"నేనడగలేదే. ఆయన ఇష్టం" అన్నాను. ఆ మాటను తర్వాత ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. మొట్టమొదట అన్నది నేనే.

కాలనీలో తాగడానికి బాపుకు మొహం చెల్లలేదు. ఆదివారం ఇద్దరం కోఠారిలో మా మేనమామ చేనుకు వెళ్ళాం. కట్ట నేనే కొన్నాను. బాపు ఒకటి ముట్టించి, నోటినిండా పొగ తీసి, అట్లాగే బయటికి వదిలేశాడు. రెండోదీ అంతే. ఇలాగైతే మూడు నెలలు కాదు, మూడేళ్ళు తాగినా మిషన్లో తేడా రాదు. నేను చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి బాపు నా వైపు తిరగకుండానే, "నువ్వు తాగుతవ్ గదా. లోపటికెట్ల గుంజుతరో చూపియ్" అన్నాడు.

పదహారో ఏట నుంచి తాగుతున్నాను. పద్దెనిమిదేళ్ళు సోంపు నమిలి, చేతులు కడుక్కుని ఇంట్లో అడుగుపెట్టాను. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసీ, నా సిగ్గు నాకు ఉండనిచ్చాడు. ఇప్పుడు నా ఉద్యోగం కోసం ఆ మర్యాద తీసి పక్కన పెట్టాడు.

కన్నతండ్రి ముందు బీడీ ముట్టించాను. "గట్టిగ గుంజి లోపట ఆపు బాపు. జరసేపు ఆగి ఇడువు" అని చేసి చూపించాను. బాపు బడిపిల్లవాడిలాగా నన్నే చూస్తూ చేశాడు. దగ్గి దగ్గి కళ్ళల్లో నీళ్ళు కారాయి. తుడుచుకుని మళ్ళీ గుంజాడు. ఈసారి పొగ లోపలికి పోయింది.

"గట్లనేనా?" అని అడిగాడు.

"గట్లనే" అన్నాను.

బాపు ఏ పనైనా ఒళ్ళు దాచుకోకుండా చేసే మనిషి. ఇదీ అలాగే చేశాడు. నెల తిరిగేసరికి వేళ్ళు పచ్చబడ్డాయి. బోర్డు నాడు డాక్టరు, "బీడీ తాగుతావా?" అని అడిగితే, "లేదు సాబ్" అన్నాడట. బాపు అబద్ధమాడడం నాకు తెలిసి అదే మొదటిసారి. అన్‌ఫిట్ అని రాశారు. అవ్వ తప్ప ఇంట్లో అందరం పేడా మిఠాయిలు తిన్నాం. కాలనీ అంతా పంచాను. నాలుగు నెలలకు నాకు ఆర్డరు వచ్చింది. బాపు నెత్తిమీద పెట్టుకున్న టోపీ లాంటిదే నేనూ పెట్టుకుని గనిలో దిగాను.

పని అయ్యాక విడిచిపెట్టమన్నాడు కదా సంజీవ్ కాక. బాపు విడిచిపెడదామనే చూశాడు. మూడు రోజులు ఆగాడు, నాలుగో రోజు చేతులు వణికాయి. బీడీ లేకపోతే నిద్ర లేదు, బీడీ లేకపోతే దొడ్డికి రాదు. ముప్పై ఆరేళ్ళు షిఫ్టు గంటల ప్రకారం బతికిన మనిషికి ఇంట్లో కూర్చుంటే ఇంకో పని లేదు. బీడీ ఒక్కటే ఆయన డ్యూటీ అయింది. సంజీవ్ కాకను అడిగితే, "నేనేమన్న మెడ మీద కత్తి పెట్టిన్నా? ఇడిసేది ఇడువనిది ఆయన ఇష్టం" అన్నాడు.

చెప్పుకుంటే సిగ్గు, నేను మాత్రం మానేశాను. ఎనిమిది గంటలు గనిలో బీడీ లేకుండా ఉండడం అలవాటైంది, మిగతా పదహారు గంటలు కూడా మెల్లగా అలవాటైపోయింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు నన్ను వదిలేసింది. మూన్నెల్ల అలవాటు ఆయన్ను పట్టుకుంది.

రెండేళ్ళకు బాపు గదిలోంచి వాకిట్లోకి రావడానికి మధ్యలో కూర్చోవాల్సి వచ్చింది. చంద్రపూర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పాత కాగితాలేమైనా ఉంటే తెమ్మన్నాడు. బీరువా మీద ఉన్న కవరు అలాగే పట్టుకుపోయాను. డాక్టరు అందులోంచి ఒక ఎక్స్‌రే తీసి వెలుగుకు పెట్టి చూశాడు.

"ఇది ఎప్పటిది?" అన్నాడు మరాఠీలో.

"అయిదేళ్ళయింది సార్. గనిలో చెకప్పుకు తీసింది."

"అప్పటికి బీడీ తాగుతున్నాడా?"

"లేదు."

డాక్టరు నన్ను దగ్గరికి పిలిచి వేలు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము గడ్డలు కట్టి ఉందట. కవరులోని కాగితం మీద అప్పుడే రాశారట, పెద్దాసుపత్రిలో చూపించుకోవాలని. "ఈ ఒక్క ఫోటో చూపించినా ఏ బోర్డైనా అన్‌ఫిట్ అని రాసేది. ఇంత చెడిపోయినదాని మీద మళ్ళీ బీడీ ఎందుకు మొదలుపెట్టాడు? ఎవరు తాగమన్నారు?" అన్నాడు.

బాపు స్టూలు మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. ఆయనకు మరాఠీ బాగా వచ్చు. అన్నీ విన్నాడు.

"అలవాటు సార్" అన్నాను.

"మరి మానుకోవడం కూడా ఆయన చేతిలోనే ఉంది" అన్నాడు డాక్టరు, చీటీ రాస్తూ.

ఆ ఫోటో మా ఇంట్లో అయిదేళ్ళు ఉంది. లాక్‌డౌన్ ఏడాది సూర్యగ్రహణం వస్తే, దాన్నే కళ్ళకు అడ్డం పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరం చూశాం. బాపు కూడా చూశాడు. కవరులో ఇంగ్లీషు కాగితం ఉందని నాకు తెలుసు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు. విప్పి చదవలేదు. చదివి ఉంటే, కోఠారి చేనుకు పోయే పనే లేదు. నా ఉద్యోగం నాకు ఎట్లాగూ వచ్చేది. ఇది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది, వేయాలి కూడా.

ఇప్పుడు ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చే గాలి మిషన్ పెట్టాం. బాపు ముక్కుకు రాత్రీ పగలూ పైపు ఉంటుంది. దాని దగ్గర నిప్పు అంటించకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అవ్వ బీడీలు, అగ్గిపెట్టెలు దాచేస్తుంది. అయినా బాపు మిషన్ బంద్ చేసుకుని, గోడ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, దారిన పోయేవాళ్ళను బీడీ అడుగుతాడు. ఎండ నలభై ఆరు డిగ్రీలున్నా అడుగుతాడు.

నిన్న మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎత్తి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి పైపు పెట్టాను. ఆకలి, ఎండ, అలసట, అన్నీ కలిసి నోటికొచ్చింది అనేశాను.

"నీ పాణం మీద నీకే తీపి లేకపోతె మేమేం జెయ్యాలె? నేను మానలేదా? డాక్టర్ ఏం జెప్పిండు? ఇడుసుడు నీ చేతిల ఉన్నది. నీ ఇష్టంతోటే తాగుతున్నవ్ నువ్వు."

బాపు చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. అవ్వ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళలో బాపు ఉద్యోగం మాట ఒక్కసారి ఎత్తలేదు. ఫోటో మాట ఎత్తలేదు. కోఠారి మాట ఎత్తలేదు. నేనే మర్చిపోయాడనుకున్నాను, మర్చిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాగేషూ" అన్నాడు. మధ్యలో ఆగి మళ్ళీ గాలి పీల్చుకున్నాడు. కోపం లేదు గొంతులో. కొట్టువాడితో బేరం తెగ్గొట్టినట్టు అన్నాడు.

"నీ నౌకరి నీకొచ్చింది గదా. నా బీడీ నాకియ్యి."

అవ్వ కొంగు ముడి విప్పి అగ్గిపెట్టె, ఒక బీడీ తీసి మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మిషన్ బంద్ చేశాను. పైపు తీసి, బాపును వాకిట్లోకి మోసుకుపోయి, బీడీ ముట్టించి ఇచ్చాను.