దొడ్డిలో బురద

పరమేశ్ బూట్లకు పట్టిన బురదను వినోద పుల్లతో గీకుతుంటే, ఇంటి యజమానురాలు వంటింటి గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది. "యల్లా, తొందరగా చేతులు కడుక్కో. రొట్టెలన్నీ గుర్రం కంపు కొడుతున్నాయి."

గల్ఫ్‌లోని ఆ అరబ్బు ఇంట్లో వంట వినోద డ్యూటీ. పెరటి దొడ్లలోని గుర్రాలు ఆమె మొగుడు పరమేశ్ డ్యూటీ. మార్చిలో వానలు మొదలయ్యాక "జెర చెయ్యెయ్యి" అని అతనన్న ఒక్క మాటతో దొడ్డిపని కూడా ఆమె మీదే పడింది. తెల్లారకముందే మోకాటి లోతు బురదలో లద్దె ఎత్తిపోసి, వెంటనే పిండి కలపాలి. వంటింట్లో చెయ్యి వేయమని తనెప్పుడూ అతన్ని అడగలేదు. అడగొచ్చని తోచనే లేదు. ఈమధ్యే తోస్తోంది. తోచినప్పటి నుంచి ఆమెకు ఒక్కచోట కుదురుండటం లేదు.

పైగా చూడి గుర్రం రీమ్. రోజంతా బురదలో నిలబడి దాని కాళ్ల చర్మం చిట్లింది. ముట్టుకుంటే కాలు లాక్కుంటోంది.

"మేత గేటు కాడ ఏస్తున్నవ్, అన్ని ఆడ్నే తొక్కుతున్నయ్. మేత మిట్ట మీదికి మార్చి, గోడెంబడి కాలువ తీస్తే నీళ్లు పోతయ్" అంది వినోద.

"గుర్రాల సంగతి నాకు చెప్తవా? పోయి చాయ్ వెట్టు."

శుక్రవారం సెలవని అతను సనాబిస్ ఊళ్లో దోస్తుల రూముకు వెళ్లాడు. వంట ముగించి ఆమె పార పట్టింది. కింద రాతినేల, అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి మడుగు మెల్లగా కదిలి, కాలువలో పడి బయటికి పరుగెత్తింది. పెళ్లయ్యాక ఒక పని తనే తలపెట్టి, తనకు తోచినట్టు ముగించడం అదే మొదలు. ఆమె పెద్దగా నవ్వితే రీమ్ చెవులు రిక్కించింది.

నాలుగో రోజుకు నేల గట్టిపడింది. రీమ్ పుండ్లు ఎండసాగాయి. వాళ్లకు వీసా ఇచ్చిన ఇంటి యజమాని, కఫీల్, వచ్చి చూసి పరమేశ్ భుజం తట్టాడు. వినోద చాయ్ ట్రేతో అక్కడే ఉంది.

"నేనే తవ్విన, బాబా. శుక్రవారం గూడ ఇంటికాడనే ఉన్న" అన్నాడు పరమేశ్ హిందీలో.

"మరి ఆ రెండో దొడ్డిలో కూడా ఇవాళే కాలువ తవ్వు. ఎక్కడి నుంచి మొదలుపెడతావు?"

పరమేశ్ పార అందుకుని, అటూ ఇటూ చూసి పల్లపు మూలకు నడిచి దించబోయాడు. అక్కడ తవ్వితే నీళ్లన్నీ తిరిగి రీమ్ దొడ్డిలోకే. ఆమె ముఖం చూసి ఆగి, దగ్గరికొచ్చి తెలుగులో గొణిగాడు: "ఏడికెల్లి తవ్వాల్నే? చెప్పు, మన ఇజ్జత్ పోతది."

మన. పని చేసేటప్పుడు ఆ మాట ఎటు పోయింది? ఊరుకుంటే అతనికి తెలిసొస్తుంది. కానీ బురదలో నిలబడేది అతను కాదు, రీమ్.

వినోద ట్రే తీసి పరమేశ్ చేతుల్లో పెట్టి, పార తను అందుకుంది. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, బురదలోకి దిగింది.

"బాబా, ఆ కాలువ తవ్వింది నేను" అంది, ఆ ఇంట్లో నేర్చుకున్న హిందీలో. "ఇది కూడా నేనే తవ్వుత. ఇయ్యాల్టి వంట ఎవరు చేస్తరో మీరు చూసుకోండి."