ఇరవై ఆరేళ్ళ డిక్టేషన్

నేను ఒక నోట్సు పుస్తకాన్ని. రెండువందల పేజీల రూళ్ళ లాంగ్‌బుక్కుని. ముందు అట్ట ఊడిపోయి పదేళ్ళయింది, వెనక అట్ట ప్లాస్టరు మీద బతుకుతోంది. నా మొదటి పేజీలో 'ఆధునిక కవిత్వం – మారుతున్న రూపాలు' అని ఎర్రసిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంటుంది. మారుతున్న రూపాలట! లోపల ఒక్క అక్షరం మారితే ఒట్టు.

నన్ను రాసింది సీతాపతి మాస్టారు. విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో కొత్తగా చేరినప్పుడు, వేసవి సెలవులన్నీ లైబ్రరీలో కూర్చుని రాశారు. పద్యం ఎలా ఉండేది, అది పాటలోకి ఎలా ఒదిగింది, చివరికి ఛందస్సు వదిలేసి వచన కవితగా ఎలా నడిచింది, అన్నీ పూసగుచ్చినట్టు రాశారు. అప్పట్లో నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. చివర ఇరవై పేజీలు ఖాళీగా వదిలి, 'కొత్తగా వచ్చేవి ఇక్కడ చేర్చాలి' అని పెన్సిలుతో రాసుకున్నారు. ఆ పెన్సిలు రాత చెరిగిపోయింది గానీ ఆ పేజీలు మాత్రం ఇంకా ఖాళీయే.

ఏటా క్లాసులు మొదలవగానే మాస్టారు నన్ను బల్ల మీద పరిచి డిక్టేషన్ ఎత్తుకునేవారు. "కామా. పేరా మార్చండి. ఇది అండర్‌లైను చెయ్యండి, పరీక్షకి వస్తుంది." పిల్లలు తలెత్తకుండా రాసుకునేవారు. కవిత్వం చదువుకుందామని వచ్చి, ఒక్క కవిత పైకి చదవకుండానే ఎమ్మే పట్టా పుచ్చుకుని పోయేవారు. చూసి చూసి నాకు తల ప్రాణం తోకకొచ్చేది. ఒక్కడైనా లేచి "ఎందుకండీ?" అని అడగడేం? అరుద్దామంటే నాకు నోరెక్కడిది!

అన్నిటికంటే నన్ను కాల్చుకు తినేది నా ఎనభై మూడో పేజీ. అక్కడ 'ఛందస్సును పూర్తిగా తెంచుకున్న వచన కవితకు చక్కని ఉదాహరణ' అని రాసి, కింద ఇది ఉంటుంది. కవి పేరు ఉండదు.

వాన వెలిసిన
సాయంత్ర వాకిటందు
తడిసి
గోడకు చేరిన తాత గొడుగు
నీటి చుక్కలు రాల్చుతూ
నేల మీద
ఎవరి కోసమో చూస్తోంది
ఇంతసేపు

ఇది మాస్టారు రాసిందే. అసలిది వచన కవితే కాదు, నాలుగు పాదాల తేటగీతి. ప్రతి పాదానికీ తూకం ఉంటుంది, యతి ఉంటుంది, రాగం తీసి పాడుకోవచ్చు. కుర్రతనంలో ముచ్చటపడి రాసి పత్రికకి పంపితే, "ఈ రోజుల్లో కూడా పద్యాలేమిటండీ" అని తిప్పి పంపారు. డిపార్ట్‌మెంటులో తోటివాళ్ళు అది చూసి పగలబడి నవ్వారు. ఆ ఉక్రోషంలో ఆయన పద్యాన్ని ఎనిమిది ముక్కలు చేసి నాలో ఇరికించేశారు. మంచి ఉదాహరణ దొరికాక మార్చేద్దామనుకున్నారు. మార్చలేదు. ఇరవై ఆరేళ్ళపాటు పిల్లలు దాన్ని కంఠతా పట్టి, 'ఒక ప్రసిద్ధ కవి అన్నట్లు' అని పరీక్షల్లో రాసి, మార్కులు తెచ్చుకున్నారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు లెక్చరర్లు కూడాను.

అలాంటి చోటికి గేదెల హైమ వచ్చింది. వాళ్ళది బొబ్బిలి వైపు. తండ్రి పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తాడు. పిల్ల చెవులు పద్యాలు వింటూనే పెరిగాయి. నేను ఎనభై మూడో పేజీ దగ్గర తెరుచుకుని ఉండగా, ఆ అమ్మాయి ఒక్కతే రాయడం ఆపి, తాళం వేస్తున్నట్టు వేళ్ళు బల్ల మీద ఆడించడం చూశాను. నా గుండె ఝల్లుమంది. ఇన్నాళ్ళకి!

ఇంటర్నల్ పరీక్షలో హైమ సూటిగా రాసేసింది: 'ఇది వచన కవిత కాదు. తేటగీతిని విరగ్గొట్టి వరసలుగా పేర్చారు. పైగా బలహీనమైన పద్యం.' పేపరు దిద్దుతున్న మాస్టారి మొహం కందగడ్డయింది. ఎర్రపెన్నుతో ఇంత లావున సున్నా చుట్టారు. ఆ సున్నాతో పేపరు పోతుంది. పేపరు పోతే ఈ ఏడు పరిశోధన సీటుకి అర్హత ఉండదు. ఇంకో ఏడాది ఆగి చదువుకోనిచ్చే ఇల్లు కాదు వాళ్ళది. ఇవన్నీ ఆయనకి తెలుసు. తెలిసే చుట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు హైమ స్టాఫ్‌రూముకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ గొంతు వణకలేదు.

"సార్, నేను తప్పు రాస్తే ఎక్కడ తప్పో చెప్పండి. దిద్దుకుంటాను."

"నోట్సులో ఉన్నది రాయమన్నాను. నీ సొంత పైత్యం రాయమన్నానా?"

"వాకిట అంటే సరిపోయేది కదండీ. వచన కవిత రాసేవాడు 'వాకిటందు' అని ఎందుకంటాడు? తూకం కోసం కాకపోతే?"

హైమ నాటకాల ఫక్కీలో రాగం అందుకుంది. "వాన వెలిసిన సాయంత్ర వాకిటందు..." ముక్కలన్నీ ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కున్నాయి. నాలుగు పాదాలూ పూర్తయ్యేసరికి పక్క టేబులు వాళ్ళు కూడా పని ఆపేసి వింటున్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది తుడవాల్సిన అవసరమేమీ లేదు.

"దాన్ని ఇలా విన్లేదమ్మా నేనెప్పుడూ," అన్నారు చివరికి. "నేనే రాశాను. పద్యం అంటే నవ్వారు. నాకు సిగ్గేసింది."

హైమ బిత్తరపోయింది. తేరుకుని, "మరి నా సున్నా, సార్?" అంది.

ఆయన పేపరు తీసి సున్నా కొట్టేసి, ఇరవైకి పద్దెనిమిది వేశారు.

"రెండు ఎందుకు తగ్గాయండి?"

"బలహీనమైన పద్యం అన్నావుగా. అందుకు."

హైమ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ ఏడే సీటూ సంపాదించుకుంది. మాస్టారు నా ఎనభై మూడో పేజీకి అడ్డంగా ఎర్రగీత కొట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాతి బ్యాచ్‌కి అలవాటు కొద్దీ సగం కవిత చెప్పేసి, నాలుక కరుచుకుని, "కొట్టేయండి" అన్నారు. నలభైమంది పిల్లలూ తలెత్తకుండా, ఆ కవిత కింద బుద్ధిగా 'కొట్టేయండి' అని రాసుకున్నారు. ఏం చెప్పను నా ఖర్మ!

ఆ డిసెంబరులో ఆయన రిటైరై, నన్ను స్టాఫ్‌రూము బీరువాలో వదిలేసి వెళ్ళారు. ఇప్పుడు ఆ పాఠం చెబుతున్నది ఆయన పాత శిష్యుడే. అతని దగ్గర నా జిరాక్సు ఉంది. పన్నెండేళ్ళ కిందట తీయించుకున్నది. దాని మీద ఎర్రగీత ఎక్కడిది?

బీరువాకి ఆనుకున్న గోడ అవతలే క్లాసు. ఇందాకే వినపడింది. "ఛందస్సును పూర్తిగా తెంచుకున్న... కామా... వచన కవితకు చక్కని ఉదాహరణ. అండర్‌లైను చెయ్యండి." ఆ వెంటనే నలభై పెన్నుల బరబర. నేను చెవులు రిక్కించి, బల్ల మీద వేళ్ళ చప్పుడు కోసం వింటున్నాను. ఇంకా ఏమీ వినపడలేదు.