చీనీ చెట్టు మింగిన మేకు

నేను ఒక మేకును. అచ్చమైన ఇనుముని. నా బతుకులో సందేహం లేని సంగతి అదొక్కటే. ఏదో ఫ్యాక్టరీలో తీగను ముక్కలు చేసి, నెత్తిన ఒక్క మొట్టు మొట్టి నన్ను తయారుచేశారు. వడ్రంగి చేతిలో పడి, అనంతపురం దగ్గర ఓ చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, మోటారు గది తలుపుకు దిగాను. రైతు ఎర్రిస్వామి నాకు సద్దిమూట తగిలించేవాడు. హాయిగా ఉండేది.

ఆ తర్వాతే గందరగోళం మొదలైంది. ఆ తోటలో ఒక చెట్టంటే ఆయన భార్య మారెక్కకు ప్రాణం. బోరు ఎండిన ఏడాది బిందెలతో నీళ్లు మోసి మరీ దాన్ని బతికించుకుంది. ఇప్పుడు దాని లేత ఆకులు, ఈనెలు తప్ప, పసుపు రంగుకు తిరిగాయి. వ్యవసాయాధికారి చూసి ఇనుము తక్కువైందన్నారు. ఎర్రిస్వామి మిగతా మాట వింటేగా! సరాసరి వచ్చి నన్ను పీకి, ఆ చెట్టు మానులో దిగ్గొట్టాడు. తిను తల్లీ, తిను అని నేనూ సిద్ధపడ్డాను.

తినలేదు. నెలలు గడిచేకొద్దీ ఇంకా పాలిపోయింది. దానికి కావలసింది ఇనుము, నేను ఇనుము, ఉన్నది దాని ఒంట్లోనే. మరి ఈ ఆకలేమిటో నా బుర్రకెక్కలేదు. చివరికి ఎర్రిస్వామి గొడ్డలి తెచ్చాడు.

మారెక్క చెట్టుకు అడ్డంగా నిలబడింది. "ఆ గొడ్డలి పక్కన పెట్టు. నీళ్లు మోసింది నేను. కొట్టాల్నంటే నేనే కొడతా," అంది.

మర్నాడు అధికారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన మాటలు విన్నాక నా అయోమయం రెట్టింపయింది. ఆ నేలలోనే బోలెడు ఇనుముందట! కానీ అది సున్నపు నేల. ఇనుమును కరిగించుకోవడానికి వేళ్లు పులుపు వదిలితే, సున్నం ఆ పులుపును విరిచేస్తుందట. కరగని ఇనుము ఎంతున్నా చెట్టుకు అందదట. నేనైతే మరీ దండగట.

మారెక్క ఇనుముండే అన్నభేదిని, కాస్త నిమ్మ ఉప్పును నీళ్లలో కరిగించి, వారం వారం ఆకుల మీద కొట్టింది. చిగుళ్లు ఆకుపచ్చగా వచ్చాయి. ఆమె చెట్టును పట్టుకుని ఏడ్చేసింది. ఎర్రిస్వామి మాత్రం ఊళ్లో నా గొప్పే చెప్పుకుంటున్నాడు. పక్క తోటల వాళ్లు వచ్చి నాకు పసుపు రాసి పోతున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇప్పుడు చెట్టు బాగా ఒళ్లు చేసింది. బెరడు నా తల మీదికి పాకుతోంది, వెలుతురు సగమే కనిపిస్తోంది. ఆకలితో మాడినన్నాళ్లూ నన్ను రవ్వంత కూడా ముట్టలేదు. కడుపు నిండాక ఎందుకు మింగుతోందో, మీకేమైనా తెలిస్తే చెప్పండి.