తువ్వాలు పడ్డ సీటు

నేను ఒక గళ్ల తువ్వాలును. పొందూరు పక్కన ఓ పల్లెలో చేతిమగ్గం మీద పుట్టాను. ఎర్ర గళ్లు, తెల్ల గళ్లు, అంచున ఓ పచ్చ చార. నన్ను నేసిన ముసలాయన చివరి పోగు తెంపుతూ, "ఎవడి బుజమెక్కుతావో, ఎంత సెమట తాగుతావో" అన్నాడు. చెమట మాట నిజమే అయింది. ఉప్పుసముద్రం సంగతి పాపం ఆయన ఊహించలేదు.

నేనెక్కిన మొదటి భుజం సన్యాసినాయుడిది. ఆమదాలవలసలో బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి నన్ను సీటు మీదికి విసిరేవాడు. ఆ తర్వాత తీరిగ్గా చుట్ట ఆర్పుకుని ఎక్కేవాడు. నేను పడ్డ సీటు ఆయనది. మనుషులు చిత్రమైనవాళ్లు. పొలం గట్టు అడుగు జరిపితే తలలు పగలగొట్టుకుంటారు గానీ, అర గజం గుడ్డను తీసి పక్కన పెట్టి కూర్చోవడానికి మాత్రం భయపడతారు.

ఆయన తర్వాత కొడుకు దాలినాయుడి చేతికొచ్చాను. విశాఖలో ఉద్యోగం, భార్య కుసుమ. ఆమె సన్యాసినాయుడికి మేనకోడలు కాబట్టి పెళ్లయ్యాక కూడా మొగుణ్ని బావా అనే పిలిచేది. దాలినాయుడికి ఓ జబ్బుంది. రైలు ఏ స్టేషన్లో ఆగినా సీసా పట్టుకుని దిగాల్సిందే, బండి కదిలాక పరిగెత్తుకొచ్చి ఎక్కాల్సిందే. అలా ఎక్కకపోతే ఆయనకి ప్రయాణం చేసినట్టే ఉండదు. ఆ పరుగు చూసిన ప్రతిసారీ కుసుమ కిటికీ ఊచ పట్టుకుని ఊపిరి బిగబట్టేది. పైకి మాత్రం, "నీ సావు నీళ్ల సీసాతోనే బావా" అని నవ్వేసేది.

ఇద్దరూ వీపుల మీద పెద్ద సంచులు తగిలించుకుని గ్రీసు దీవులు చూడ్డానికి బయల్దేరారు. ఓ దీవి నుంచి ఇంకో దీవికి ఓడ మీదే పోవాలి. కుసుమకి ఈత రాదు. చిన్నప్పుడు వంశధార వరద ఓ గడ్డివామును, దాని మీద కూర్చున్న కోడిపెట్టతో సహా మోసుకుపోవడం ఆమె చూసింది. ఆ కోడి అరవనైనా అరవకుండా అటూ ఇటూ చూస్తూ పోయిందట. నీళ్లు ఎక్కువగా కనిపించిన ప్రతిచోటా ఆమెకి ఆ కోడి గుర్తొచ్చేది.

ఆ రోజు గాలి పిచ్చిగా ఉంది. వేసవిలో ఆ సముద్రం మీద ఉత్తరాన్నుంచి వచ్చే గాలి అది. ఓడ పై అంతస్తులోకి రాగానే దాలినాయుడు అలవాటు కొద్దీ నన్ను రెండు కుర్చీల మీదికి విసిరాడు. పక్క కుర్చీలో నల్లబట్టలు కట్టుకున్న గ్రీకు ముసలమ్మ నన్ను చూసి, ఆయన్ని చూసి, తలాడించింది. ఎక్కడైనా ముసలివాళ్లకి తువ్వాలు భాష అర్థమవుతుంది.

కొంతసేపటికి ఓ చిన్న దీవి దగ్గర ఓడ ఆగింది. కింద గొలుసులు గడగడలాడాయి. ఓడ వెనకవైపు ఇనుప తలుపు దబ్బున రేవు గట్టు మీదికి, అదే ధక్కా మీదికి, వాలింది. లారీలు దిగుతున్నాయి, జనం దిగుతున్నారు. ఒడ్డున కుళాయి కనిపించింది. దాలినాయుడు ఫోను కుసుమ సంచిలోనే వదిలేసి, సీసా తీసుకుని లేచాడు.

"బావా, ఇది రైలు కాదు."

"ఆగిందా లేదా? ఆగిందేదైనా బండే. నానెల్లి నీల్లట్టుకొచ్చెత్తాను. సీటొగ్గీకు. తువ్వాల తీసావంటే ఎవడో కూకుంతాడు."

"నాకు దాహం లేదు."

"నాకుంది గదే."

అంతే, మెట్లు దిగిపోయాడు.

ఓడ కూత వేసింది. గొలుసులు మళ్లీ గడగడలాడాయి. ఒడ్డు వెనక్కి జరిగింది. కుసుమ మెట్ల వైపే చూస్తూ కూర్చుంది. ఆయన ఎప్పుడూ ఆఖరి క్షణంలోనే కదా ఎక్కేది. ఇప్పుడొస్తాడు, వెర్రి నవ్వు నవ్వుతాడు. లేచి వెతుకుదామంటే, తాను ఒక మెట్ల మీద దిగుతుంటే ఆయన ఇంకో మెట్ల మీదుగా ఎక్కి ఖాళీ కుర్చీలు చూస్తాడేమోనన్న భయం. సీటు వదలకు అన్నాడు. అందుకని వదల్లేదు. నన్ను మాత్రం రెండు చేతుల్తో మెలిపెట్టింది. ఎన్నో చాకిరేవులు చూసినదాన్ని, అలాంటి పిండుడు ఎరగను.

మైకులో గ్రీకు భాషలో ఏదో చెప్పారు. ఇద్దరు నావికులు పరిగెత్తారు. ఇంతలో కుడివైపు జనం గుమిగూడి, వేళ్లు చాపి నీళ్లలోకి చూపిస్తున్నారు. కుసుమ లేచింది. మనుషుల మధ్య దూరి కిందికి చూసింది. అలల మధ్య నీలంగా ఏదో మునిగి తేలుతోంది. దాలినాయుడి చొక్కా నీలం. అది మళ్లీ తేలేదాకా ఆమె గుండె కొట్టుకున్నట్టు నాకు తెలియలేదు. ఆమె ఛాతీకి అదుముకుని ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. తేలింది. అది ప్లాస్టిక్ డ్రమ్ము. జనం చూస్తున్నది డ్రమ్మును కాదు, దాని అవతల ఎగురుతున్న డాల్ఫిన్లను. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడిక సీటు సంగతి వదిలేసింది. ఇనుప మెట్లు దిగి, లారీలుండే అంతస్తు తలుపు బాదింది. ఓడ నడుస్తున్నంతసేపూ ఆ తలుపుకి తాళమే. తెల్ల చొక్కా అధికారి ఒకాయన వచ్చాడు. ఇద్దరం ఎక్కాం, ఒకరు లేరు అన్నట్టు కుసుమ రెండు వేళ్లు చూపించి, ఒకటి మడిచింది.

"దిగిపోయాడా, పడిపోయాడా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"తెలీదు."

"తెలియాలమ్మా. దిగాడంటే మేం ముందుకు పోతాం. పడ్డాడంటే ఓడ వెనక్కి తిప్పి వెతకాలి. ఈ గాలిలో ఎంత ఆలస్యమైతే అంత చేటు."

కుసుమ రెండు మాటలూ మనసులో తూచింది. దిగాడని చెబితే, ఒకవేళ పడి ఉంటే, తన మాటతోనే మనిషి పోతాడు. పడ్డాడని చెబుదామంటే, పైన తథాస్తు దేవతలుంటారు. పెళ్లాం నోటినుంచి ఆ కీడుమాట వచ్చీ రాగానే తథాస్తు అంటారు. ఆమె బాగా చదువుకున్నదే. అయినా ఆ క్షణంలో చదువు కూడా ఆమెతో పాటు వణికింది. లేస్తున్న ఇనుప తలుపు, దాని మీదికి సీసాతో పరిగెత్తుకొస్తున్న బావ, కదిలే రైలుకి ఎగిరినట్టే ఎగరడం, అన్నీ కళ్లకి కట్టాయి.

పడ్డాడన్న మాట అనకుండానే అంది: "ఓడ తిప్పండి."

అధికారి ఆమె మొహం చూశాడు. ఓడ ఆపమని పైకి చెప్పి, వెనకటి రేవుని వైర్‌లెస్‌లో పిలిచాడు. జవాబు రాలేదు. ఆగిన ఓడ అలల మీద పక్కకి ఒరిగి లేస్తోంది. నల్లబట్టల ముసలమ్మ ఎప్పుడు దిగొచ్చిందో, నా రెండో కొస పట్టుకుని నిలబడింది. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ చెరో కొసా లాగిపట్టుకుని ఉన్నారు. మధ్యలో నేను.

వైర్‌లెస్ బరబరలాడింది. అధికారి చెవి ఆనించి విన్నాడు. తర్వాత, "మీ ఆయన దిగాడు, పడ్డాడు కూడా" అన్నాడు. "లేస్తున్న తలుపు మీదికి దూకి జారాడట. ధక్కా మీద వలలు బాగుచేసుకునేవాళ్లు తాడేసి లాగారు. బతికే ఉన్నాడు. సీసా మాత్రం పోయిందట."

కుసుమ పైకి ఏడవలేదు. మెట్టు మీద కూలబడి నా మడతల్లో మొహం పెట్టుకుంది. అంత ఉప్పు ఆ సముద్రంలో కూడా లేదు.

గాలి మూలంగా ఆ రోజు మరో ఓడ రాలేదు. కుసుమ తర్వాతి దీవిలో దిగి, మర్నాడు పొద్దున్నే నన్ను ధక్కా కమ్మీకి కట్టి నిలబడింది. ఓడ వచ్చింది. ఎవరిదో వదులు చొక్కా తొడుక్కుని, మోచెయ్యి గీరుకుపోయి, దాలినాయుడు అందరికంటే ఆఖర్న దిగాడు.

"సీటుంచావేటే?" అని నవ్వబోయాడు.

ఆమె నన్ను విప్పి, నిన్ననే ఆరిపోయిన ఆయన తల తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే ఉంది. ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఇనుప తలుపు సేతికందింది కుసుమా" అన్నాడు చివరికి, మెల్లగా. "జారిపోనాది."

ఇప్పుడు నా గళ్లు వెలిసిపోయాయి, పచ్చ చార ఎక్కడుందో నాకే తెలీదు. అయినా ప్రయాణమంటే నన్నే సంచిలో పెడతారు. రైలు ఆగుతుంది. కుళాయి కిటికీకి ఎదురుగానే ఉంటుంది. దాలినాయుడు సీసా వైపు చెయ్యి చాపుతాడు. కుసుమ కిటికీలోంచి చూపైనా తిప్పదు. నన్ను తీసి ఆయన ఒళ్లో వేస్తుంది.

తువ్వాలు పడ్డాక ఆ చోటు ఎవరిదో మా ఊళ్లో అందరికీ తెలుసు. దాలినాయుడికీ తెలుసు. దాహంతోనే కూర్చుంటాడు.