మెషీన్ పళ్ళలో ఎర్ర వెంట్రుకలు

తల దువ్వుదామని జుట్టు పైకెత్తేసరికి, నా కూతురు పిచ్చుక మెడ వెనక చొక్కా గుండీ అంత ఎర్రటి వలయం కనిపించింది.

"తామర! ఆ పిల్లి గడప తొక్కిన రోజే అనుకున్నాను" అంది అత్తగారు.

మామగారు మెడ తడుముకున్నారు. ఆయనకీ ఉంది. మా ఆయనకు చెవి వెనక.

"ఆ పిల్లిని ఎక్కడైనా వదిలెయ్యండ్రా ముందు" అన్నాడు మా ఆయన.

మరిది అప్పటికే మా నల్లపిల్లి మసిని బుట్టలో కుక్కి మూత బిగించాడు. "నేను దింపేసి వస్తాలే వదినా, నీకెందుకు శ్రమ?"

పిచ్చుక బుట్టను వాటేసుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. బుట్ట లాక్కుని, పిల్లను వెంటబెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి నడిచాను.

ఆవిడ మసి చెవులు, పంజాలు, బొచ్చు అంతా వెతికింది. "దీనికేం లేదమ్మా. మనకంటే శుభ్రంగా ఉంది. మీకు దూడలున్నాయా? వాటి నుంచి కూడా అంటుకుంటుంది."

"ఇంట్లో లేవు. మా మరిది డెయిరీలో దూడల్ని చూస్తాడు."

"అతనికి ఉందా?"

మరిదికి లేదు! దారంతా అదే బుర్ర తొలిచింది. మసి పడుకునేది నా ఒళ్ళో. నాకు లేదు. అత్తగారికీ లేదు. ఉన్నదల్లా, కిందటి నెల వరండాలో వరసగా కూర్చుని మరిది చేత మెషీన్‌తో క్రాఫు చేయించుకున్నవాళ్ళకే, పిచ్చుకకైతే మెడ మీది జుట్టు వరకే.

ఇంటికి రాగానే క్రాఫు మెషీన్ తీసి పళ్ళు విప్పాను. లోపల పొట్టివి, బిరుసువి, ఎర్ర వెంట్రుకలు. మా ఇంట్లో తలలు నలుపు, మామగారిది తెలుపు, పిల్లి బొగ్గు.

మెషీన్‌ను మరిది ముందు పడేశాను. "ఇవెవరివి?"

"ఏమో వదినా, నాకేం తెలుసు?"

"ప్రతిసారీ మీ అన్నయ్య చేతే చేయించుకునేవాడివి. ఈసారి సెలూన్‌కి ఎందుకెళ్ళావు?"

"అవున్రా, పిలిచినా రాలేదు నువ్వు" అంటూ మా ఆయన లేచాడు.

"పిల్లాడి మీద పడతావేంటే?" అంది అత్తగారు.

"మీరుండండి అత్తయ్యా! పిల్లికి నోరు లేదని అంతా దాని నెత్తిన రుద్దారు. ఈయనగారికి నోరుందిగా, చెప్పనివ్వండి!"

మరిది తల దించుకున్నాడు.

"డెయిరీలో మెషీన్ పాడైంది వదినా. ఎర్రదూడని పశువుల పోటీకి తీసుకెళ్ళాలని మనది పట్టుకెళ్ళి గొరిగాను. దాని మెడ మీద బూడిదరంగు తామర పొక్కులు కనిపించాయి. చెబితే మేనేజర్ దాన్ని పక్కన పెట్టేస్తాడు. పుట్టినప్పటి నుంచి నా చేత్తో పెంచిన దూడ. పొక్కుల మీద రంగు పూసేశాను. మెషీన్‌ని నీళ్ళతో కడిగి, పోయిందిలే అనుకున్నాను. నాన్నకి చేశాను, అన్నయ్యకి చేశాను, పిచ్చుకకి చేశాను. చెయ్యి వణకలేదు. తర్వాత అన్నయ్య 'రారా, నీకు చేస్తా' అన్నాడు. అది నా మెడ దగ్గరికి వస్తుంటే ఆ దూడ మెడ గుర్తొచ్చింది. పనుందని లేచి వెళ్ళిపోయాను."